పెరుగు ముంత చెప్పే మాట



సూర్యాపేట అయినా, కోదాడ అయినా, మిర్యాలగూడ అయినా ఆడవాళ్లందరికీ తెలిసిన పని ఒకటుంది. పాలకు తోడు వేయడం.

గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేస్తారు. తెల్లారేసరికి ముంతెడు పెరుగు అవుతుంది. ఆ పని చేసిందెవరు? కంటికి కనపడని ప్రాణులు. వాటినే సూక్ష్మజీవులు అంటారు. చెంచాడు మజ్జిగలో వచ్చినవి రాత్రికి రాత్రే ముంత నిండా పెరిగాయి.

మరిగే పాలలో తోడు వేస్తే ఏమైతది? పెరుగు కాదు. వేడికి ఆ జీవులు చస్తాయి. చలికాలంలో ఏమైతది? తోడుకోను ఆలస్యం. చలికి అవి మెల్లగా పెరుగుతాయి.

పెరుగు చేసేవి మంచివి. కలరా, టైఫాయిడ్ తెచ్చేవి చెడ్డవి. అవి కూడా కంటికి కనపడవు. కొద్దిగా వచ్చి ఎక్కువవుతాయి. బాగా మరిగిస్తే చస్తాయి.

అవి ఇంట్లోకి ఎట్ల వస్తాయి? రోగి మలం నుంచి వస్తాయి. ఈగ కాళ్లకు అంటుకొని అన్నం మీదికి వస్తాయి. కడగని చేతితో పిల్ల నోట్లోకి పోతాయి. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ ఉంది. సూర్యాపేట వైపు మూసీ కాలువ ఉంది. పారే నీళ్లలో బట్టలు ఉతుకుతారు, బర్రెలను కడుగుతారు.

"నీళ్లు తేటగనే ఉన్నయి కదా!" అంటారు కొందరు. తోడు వేసిన పాలు కూడా తెల్లగానే ఉంటాయి. లోపల ఏముందో కంటికి తెలుస్తుందా?

అందుకే తాగే నీళ్లను మసిలేదాకా కాచాలి. చల్లార్చి, మూత పెట్టాలి. ముంచేందుకు పొడుగు కాడ గరిటె వాడాలి. దొడ్డికి పోయి వచ్చాక, వంటకు ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి.

ఒక మాట మరువరాదు. 2016 దాకా ఈ మూడు ఊళ్లూ నల్గొండ జిల్లాలోవే. ఆ జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. అది పళ్లకు గార పట్టిస్తుంది, ఎముకలను వంచుతుంది. ఫ్లోరైడ్ జీవి కాదు. ఎంత కాచినా పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అనే పేరే వచ్చింది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగవద్దు. శుద్ధి చేసిన నీళ్లే తాగాలి.

ఇంత జాగ్రత్త పడ్డా బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే? నీళ్లు ఆపవద్దు. ఆపితే ఒళ్లు ఎండిపోతుంది. ప్రాణం పోయేది అందుకే. ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి తాపాలి. పొట్లం లేదా? కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి. కొద్దికొద్దిగా తాపాలి. తల్లిపాలు మానిపించవద్దు.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకున్నా, మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకున్నా ఆలస్యం చేయవద్దు. వెంటనే దవాఖానకు తీసుకపోవాలి. దారిలో కూడా తాపుతూనే ఉండాలి.

ఈ రాత్రి పాలకు తోడు వేసేటప్పుడు ఈ మాట గుర్తు చేసుకోండి. పక్కింటి అక్కకు కూడా చదివి వినిపించండి.