ఇనుప మెట్లు: బోల్టు బిగించే ముందు

ధూల్‌పేట్ లాంటి ఇరుకు గల్లీల్లో సంక్రాంతికి పిల్లలు పతంగులు పట్టుకుని మేడెక్కేది ఇనుప మెట్ల మీదే కదండీ. ఒక్క మెట్టు ఎత్తు తేడా వచ్చినా కాలు తడబడుతుంది.

తేడా ఎక్కడొస్తుంది? వెల్డింగ్ అయ్యాక కింద టైల్స్ వేస్తారు, మొదటి మెట్టు పొట్టిదైపోతుంది. అదే పొడవాటి బెజ్జాలున్న అడ్జస్టబుల్ బ్రాకెట్లయితే, బోల్టులు వదులు చేసి ఆ తేడాని మెట్లన్నిటికీ పంచేయొచ్చు.

లెక్క సులువే. టైల్స్‌తో కలిపి కింది నేల నుంచి పై నేల దాకా 120 అంగుళాలుంటే, 17తో భాగించండి. ఒక్కో మెట్టు 7 అంగుళాల పైచిలుకు. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఏడున్నర అంగుళాలు, దాటకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది.

ప్రతి మెట్టు మీదా రసమట్టం పెట్టి చూశాకే బోల్టులు బిగించండి. మీ ఇంటి మొదటి మెట్టు, చివరి మెట్టు ఈరోజే టేపుతో కొలవండి. ఉంటానండీ.