రౌటరు మేల్కొను విధము

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమున తీరము దాటినపుడు విద్యుత్తు, సమాచార సంబంధములు విస్తారముగా తెగిపోయినవి. అట్టి వేళల తరువాత కరెంటు వచ్చినపుడు, రేవు కార్యాలయమందైనను ఉక్కు కర్మాగారమందైనను, రౌటరు తనంతట తానే మేల్కొనవలెను. లేపువారు చెంత నుండరు.

శ్రోతల యింటి రేడియో మీట త్రిప్పిన పలుకును. రౌటరు అట్లు కాదు. మొదట రోమ్‌లోని చిన్న ప్రోగ్రాము యంత్రభాగములను పరీక్షించును. పిమ్మట పదునారు బిట్ల రిజిస్టరు నొకదానిని చూచును. సిస్కో రౌటర్లు పెక్కింట అందు 2102 అను షోడశాంక సంఖ్య యుండును. చివరి అంకె 2 అయినచో, దాచియుంచిన కాన్ఫిగరేషనులోని ‘బూట్ సిస్టమ్’ ఆజ్ఞలను వరుసగా పాటించును. 0 అయినచో రోమ్ మానిటరు వద్దనే నిలిచి మనుష్యునికై ఎదురుచూచును. తుఫాను రాత్రి ఆ మనుష్యుడు ఎచ్చటనుండి వచ్చును?

ఆజ్ఞల వరుసయే ప్రాణము. ముందు ఫ్లాష్‌లోని క్రొత్త ఫైలు, పిదప పాతది, తుదకు దూరపు సర్వరు: ఇది నాకు తోచిన క్రమము. సర్వరు నొక్కదానినే నమ్ముట తగదు; దారియే తెగినపుడు అది అందదు. ఒక్క చిక్కు కలదు. క్రొత్తగా వ్రాసిన ఆజ్ఞ పాతవాటి తుదను చేరును. కావున పాతవి తొలగించి, వరుస తిరిగి వ్రాసి, భద్రపరుపవలెను. ‘షో వెర్షన్’ అని అడిగినచో రిజిస్టరు సంఖ్య చివరి పంక్తిలో కనబడును.