దేవాలయ యోధుల వంశావళి

(శతజయంతి కూటములలో సంఘ కుటుంబముల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతజయంతి సంవత్సరములో వంశవృక్షములు వ్రాసుకొను ఉత్సాహము మన కుటుంబములలో బయలుదేరినది. తాత పేరు తెలిసినవారు ముత్తాత పేరు వెదకుచున్నారు. ఇది మంచిదే. అయితే విదేశములలో స్థిరపడిన మన పిల్లల మూలముగా మరియొక రకపు కాగితములు కూడా వచ్చుచున్నవి. ఆంగ్లేయ కుటుంబములో వివాహము చేసుకొన్న మన యువకుడొకడు, అత్తవారి వంశవృక్షమని రంగుల అచ్చు పటము ఒకటి నాకు చూపించాడు. చెట్టు కొనను హ్యూ డి పాయెన్స్ అను యోధుని పేరు, ప్రక్కన ఎఱ్ఱ సిలువ డాలు ఉన్నవి. "అయ్యగారూ, మా పిల్లలు టెంప్లర్ల సంతతివారట. నిజమేనంటారా?" అని అడిగాడు. ప్రశ్న ఒక్కరిది కాదు గనుక మీ అందరి ఎదుటను విచారించదలచినాను.

మొదట ఆ యోధులెవరో చూతము. 1099లో సిలువ యుద్ధ సైన్యములు యెరూషలేమును పట్టుకొని, పట్టణములోని ముసల్మానులను యూదులను ఘోరముగా వధించాయి. పిమ్మట ఐరోపానుండి యాత్రికులు రాసాగిరి గాని, దారులలో దోపిడీలు మెండుగా ఉండెను. ఇంచుమించు 1119–1120 ప్రాంతములో, ఫ్రాన్సు దేశపు షాంపేన్ సీమవాడైన హ్యూ, గాడ్‌ఫ్రీ డి సెయింట్ ఒమెర్, మరికొందరు యోధులు యాత్రికులను కాపాడుటకు పూనుకొని, యెరూషలేము పాత్రియార్కు ఎదుట సన్యాసుల వలె మూడు ప్రమాణములు చేశారు: దారిద్ర్యము, బ్రహ్మచర్యము, విధేయత. రెండవ బాల్డ్విన్ రాజు వారికి అల్ అక్సా మసీదు ఆవరణలో బస ఇచ్చాడు. సిలువ యోధులు ఆ కట్టడమును సొలొమోను దేవాలయమని పిలిచేవారు. అందుచేత వీరికి దేవాలయ యోధులు, అనగా టెంప్లర్లు, అని పేరు వచ్చెను. 1129లో త్రువా పట్టణపు సభ వారికి నియమావళి ఏర్పరచినది. క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు వారిని ప్రశంసించుచు ఒక గ్రంథమే వ్రాశాడు.

మొదటివారు తొమ్మిదిమంది అని మనము వినుచున్నాము. ఈ లెక్క ముఖ్యముగా తూరు ఆర్చిబిషప్పు విలియము వ్రాసిన చరిత్రలోనిది. ఆయన సంగతి జరిగిన అర్ధ శతాబ్దము తరువాత వ్రాశాడు. సిరియా సంఘమునకు చెందిన మైఖేలు పాత్రియార్కు ముప్పదిమంది అని వ్రాశాడు. మూలపురుషుల సంఖ్యయే ఇట్లుండగా, వారిలో ఒకనినుండి మన కాలమువరకు ఒక్క మెట్టు తప్పకుండ దిగివచ్చిన పటమును చూచినప్పుడు సందేహము కలుగకపోదు.

అసలు చిక్కు వారి ప్రమాణములోనే ఉన్నది. బ్రహ్మచర్యము పూనినవారికి సంతతి ఎక్కడిది? పూనుటకు ముందు వివాహమాడి యుండవచ్చును. హ్యూ అట్టివాడే. ఆయన కుమారుడు తిబో, సాన్స్ పట్టణములోని సెయింట్ కొలొంబ మఠమునకు అధిపతి అయ్యాడు. తండ్రి సన్యాసి యోధుడు, కొడుకు మఠాధిపతి! ఆ కొడుకు ద్వారా వంశము సాగినదని చెప్పుట కష్టమే. స్కాట్లాండు సింక్లెయర్ వంశపు కన్యను హ్యూ పెండ్లాడెనని ఒక కథ ప్రచారములో ఉన్నది. దానికి ఆ కాలపు ఆధారమేదియు లేదు. పైగా 1309లో ఎడింబరో దగ్గర టెంప్లర్ల మీద విచారణ జరిగినప్పుడు, సింక్లెయర్ వంశీకులు వారికి వ్యతిరేకముగానే సాక్ష్యమిచ్చారు. ఆ వంశమువారు రోస్లిన్ చాపెలు కట్టనారంభించినది 1446లో. అప్పటికి టెంప్లర్ల సంఘము రద్దయి నూరేండ్లు దాటినది.

ఇక ఇంటిపేరు సంగతి. పేన్ అను ఇంటిపేరు గల ఆంగ్లేయులు కొందరు, తాము పాయెన్స్ సంతతివారమని తలంతురు. హ్యూ పేరులోని పాయెన్స్ త్రువా దగ్గరి గ్రామము పేరు. పేన్ అను ఇంటిపేరో, సాధారణముగా పేగన్ అను వ్యక్తినామమునుండి వచ్చినది. దాని అర్థము పల్లెటూరివాడు, అన్యుడు అని. సిలువ యోధుని వారసులమని చెప్పుకొనువారి పేరునకు అన్యుడని అర్థము వచ్చుట వింతయే గదా! మన ఇంటిపేర్లును అనేకము ఊళ్ల పేర్లే. ఒకే ఊరినుండి వచ్చిన రెండు కుటుంబములకు ఒకే ఇంటిపేరుంటే అవి రక్తసంబంధులని మనమెవరమూ అనుకొనము. ఇల్లరికపు అల్లుడు మామగారి ఇంటిపేరు పెట్టుకొనుట మనకు క్రొత్త కాదు. ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములోను అటువంటివాడు కనబడతాడు. గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెను పెండ్లాడి, ఆ పేరుతోనే పిలువబడిన యాజకుడు ఆయన. ఆయన సంతతివారు చెరనుండి తిరిగి వచ్చినప్పుడు, వంశావళి పట్టీలో తమ పేర్లు వెదకుకొని కనుగొనలేక యాజకత్వమునుండి తొలగింపబడ్డారు. కాగితము లేక ఉద్యోగము పోయినవారి బాధ ఆనాటినుండియు ఉన్నదన్నమాట.

కాగితముల మాట వచ్చినది గనుక ఇదియు చెప్పవలెను. ఇంగ్లాండులో ప్రతి సంఘమును బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిష్టర్లు ఉంచవలెనను ఆజ్ఞ 1538లో వచ్చినది. రోమను సంఘములో అట్టి కట్టడ 1563లో ట్రెంటు సభ చేసినది. అంతకు ముందు రాజులు, ప్రభువులు, భూస్వాములు తప్ప సామాన్యుల తరతరముల పేర్లు వ్రాతలో దొరకుట అరుదు. కనుక 1538కి పైన మూడు నాలుగు మెట్లెక్కి, అక్కడనుండి ఒక్క దూకులో 1119కి చేరు పటములను నమ్మకుడి. ఆ దూకు తరచుగా ధనము పుచ్చుకొని వ్రాసి ఇచ్చినవారి చలువయే. 1804 ప్రాంతములో పారిసు నగరములో లార్మేనియస్ పత్రమని ఒకటి బయలుపడినది. 1314లో దహింపబడిన ఆఖరి పెద్ద జాక్ డి మోలె తరువాత అధిపతుల వరుస ఎన్నడును తెగలేదని చూపుటకు పుట్టినది. పండితులు దానిని కూటపత్రమనే ఎంచుచున్నారు.

అయితే వేరొక విధముగా ఆ అత్తవారి మాట నిజమై ఉండవచ్చును. లెక్క చూడుడి. తరమునకు ముప్పది ఏండ్ల చొప్పున తొమ్మిది వందల ఏండ్లకు ముప్పది తరములు. ఇద్దరు తలిదండ్రులు, నలుగురు తాతావ్వలు, ఎనిమిదిమంది ముత్తాతావ్వలు... ఇట్లు ముప్పదవ మెట్టున 107 కోట్లకు పైగా పూర్వికులు కావలెను. ఆ కాలమున లోకములో అంతమంది జనులే లేరు. అనగా ఒకే మనిషి ఒకే వృక్షములో వేలసార్లు కనబడతాడు. 2013లో రాల్ఫ్, కూప్ అను శాస్త్రజ్ఞులు ఐరోపావారి జన్యువులను పరిశీలించి, వెయ్యి ఏండ్ల క్రిందటి పూర్వికులు వారందరికి ఎంతో ఉమ్మడిగా ఉన్నారని చూపించారు. కనుక హ్యూకు నేటివరకు నిలిచిన సంతతి ఉండియుంటే, అది ఒక ఇంటి సొత్తు కాదు. దాదాపు ఐరోపావారందరును పాలివారే! వారి దేశములోని కూలివాడును అందులోనివాడే. రక్తపరీక్ష చేయించితిమనువారికి ఒక మాట. పోల్చి చూచుటకు హ్యూవేనని రూఢియైన ఎముకలు లేవు.

ఈ సంబంధము నిజమే అయినా అది గౌరవమా అని అడుగకుండ ఉండలేను. టెంప్లర్లు యాత్రికులను కాపాడిరి, వైద్యముకంటె ఖడ్గమునే నమ్మిరి. దుష్టుని చంపుట నరహత్య కాదని బెర్నార్డు వారికి బోధించాడు. సువార్త చదివిన మనకు ఈ బోధ మ్రింగుడు పడదు. అట్లని వారిమీద జరిగిన అన్యాయమును మరువరాదు. 1307 అక్టోబరు 13న ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్పు వారిని ఒక్కసారిగా పట్టించి, చిత్రహింసలు పెట్టి, నేరములు ఒప్పించాడు. వారి ధనముమీద అతని కన్ను ఉండెనని చెప్పువారు అనేకులు. 1312లో పోపు ఆ సంఘమును రద్దు చేశాడు. పోర్చుగలులో మాత్రము వారి ఆస్తులు 1319లో క్రీస్తు సంఘమను క్రొత్త సంఘమునకు చెందినవి. ఆ సంఘపు సిలువ గుర్తే పోర్చుగీసు ఓడల తెరచాపలమీద మన దేశపు తీరమునకు వచ్చినది. మన దేశమునకు టెంప్లర్లతో ఉన్న చుట్టరికము ఇంతే. అదియు తెరచాప చుట్టరికమే.

ఇప్పుడు మన యింటికి రండి. జమీందారులకు భట్రాజులు వంశములు పాడిరి. మాదిగలకు డక్కలివారు జాంబ పురాణము చెప్పిరి. మనలో అనేకుల పూర్వికులు క్రైస్తవులైనప్పుడు ఆ పాటలు విడిచిపెట్టారు. వారి పేరు మొదటిసారి సిరాతో వ్రాయబడినది బాప్తిస్మపు రిజిష్టరులోనే. తొలి బాప్తిస్మము మా ఇంటిదంటే మా ఇంటిదని ఈ ఉత్సవములలో వాదులాడుకొనుచున్నాము. ముందు కుర్చీలకొరకు అలుకలును చూచితిమి. మత్తయి వ్రాసిన వంశావళిలో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య ఉన్నారు. ఆ పట్టీలో ఎవరిని దాచిపెట్టవలెనని మత్తయికి తోచలేదు. మన వంశవృక్షములలో ఎందరు తల్లుల పేర్లున్నవో చూచుకొనుడి.

మన పాత రిజిష్టర్లు చెదలకు, వానకు చాలవరకు చిక్కినవి. మిగిలినవాటిని వచ్చే ఆదివారము ఆరాధన తరువాత వెస్ట్రీలో బల్లమీద ఉంచుతాము. యువజనులు ప్రతి పుటకును ఫోటో తీయవలెను. చేతులు తడిగా ఉంచుకొని పుటలు తిప్పవద్దు. అవ్వలను తప్పక వెంట తీసికొని రండి. తల్లి పేరు, పుట్టినిల్లు, ఊరు వ్రాసి ఉండనిచోట వారినే అడిగి, వేరొక పుస్తకములో వ్రాసి, చెప్పినవారి పేరు, తేదీ క్రింద వేయుడి. రిజిష్టరులో మాత్రము ఎవరును కలము పెట్టరాదు.