బడి తెరచిన కబురు ఇంటికి చేరవలెను
(నెల్లూరు జిల్లా తీరగ్రామమొకదానిలో, పాఠశాల ఆవరణమున జరిగిన తల్లిదండ్రుల సమావేశమందు చేసిన ప్రసంగము)



బడి మూయుటకు ఒక ఉత్తరువు చాలును. మరల తెరచుటకు మాత్రము ఇంటింటి సమ్మతి కావలెను. ఈ సంగతి కరోనా కాలమున మనకందరకును తెలిసివచ్చినది. 2020 మార్చిలో మన రాష్ట్రమందలి మొదటి కేసు బయటపడినది నెల్లూరులోనే. ఆ నెలలోనే బడులు మూతపడినవి. నవంబరు 2వ తేదీన 9, 10 తరగతులవారికి ఒంటిపూట బడి మొదలైనది. చిన్నపిల్లల వంతు 2021 ఫిబ్రవరికి గాని రాలేదు. ఏప్రిల్‌లో మరల మూత. ఆగస్టు 16న మరల తెరపు. ఏ తేదీ ఏ బిడ్డకో పత్రికలు చదువువారికే అంతుపట్టలేదు. తెల్లవారకముందే పడవ నెట్టుకొని పోవు ఇంటివారి మాట చెప్పనేల?

ప్రచారము చేయువారముగా మేమొక లోపము ఒప్పుకొనవలెను. మైకుతో ఊరంతయు చాటించినచో పని తీరినదని మేము తలచుట కద్దు. కాని మైకుబండి తిరుగు వేళకు తండ్రి సముద్రము మీదనుండును, తల్లి చేపలగంపతో సంతలోనుండును. రొయ్యల గుంటల కావలికి పోయిన యానాది కుటుంబము ఊరిలోనే ఉండదు. అట్టివారికి కబురు చెప్పవలసిన వేళ సాయంకాలము. చెప్పవలసిన చోటు గుంటగట్టు.

ఆనాడు తల్లిదండ్రులు వ్రాతపూర్వకముగా సమ్మతించిననే బిడ్డను బడిలో కూర్చుండబెట్టవలెనని నియమముండెను. మంచి నియమమే. కాని చదువురాని తల్లి చేతికి ఆ కాగితమిచ్చి వేలిముద్ర వేయుమన్నచో ఆమె ఏమనుకొనును? రేపు బిడ్డకు జబ్బు చేసిన తప్పు తనదగునేమోనని జంకును. ఆ కాగితము చదివి వినిపించి, బిడ్డకు జ్వరము వచ్చిన ఎవరికి చెప్పవలెనో, ఎవరు ఆసుపత్రికి తీసికొనిపోవుదురో తెలిపిన తరువాతనే వేలిముద్ర అడుగవలసియుండెను. అంతకన్న ముందుగా తల్లులు అడుగు ప్రశ్న వేరొకటి కలదు: మధ్యాహ్నము అన్నము పెట్టుదురా? బడులు మూసిన కాలమున బియ్యము, గ్రుడ్లు ఇండ్లకు పంచిరి గనుక, బడి తెరచిన తరువాత ఏమగునో తెలిసికొనుట వారికి అవసరమే. దీనిని చిన్న ప్రశ్నగా ఎంచరాదు.

పెద్దపిల్లల సంగతి మరింత కఠినమైనది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు వచ్చినవి. టీవీ లేని గుడిసెకు అవి రాలేదు. ఆ నెలలలో తండ్రి వెంట పడవ ఎక్కిన కుర్రవాడు నాలుగు రాళ్లు తెచ్చుట నేర్చెను. ఇంటివారును ఆ రాబడికి అలవాటుపడిరి. అతనిని మందలించిన రాడు. చదువు మరచితినని, చిన్నవారి నడుమ కూర్చుండబెట్టుదురేమోనని అతనికి లోపల సిగ్గు. పరీక్షలు లేకయే పై తరగతికి పంపిరను మాట ఉపాధ్యాయుడు స్వయముగా ఇంటికిపోయి చెప్పినచో ఆ సిగ్గు సగము తీరును. ఒకసారి పోయిన చాలదు. రెండవసారి పోయినప్పుడే తండ్రి నోరు విప్పును.

ఇవన్నియు గడచిన ముచ్చటలని అనుకొనకుడు. 2021 నవంబరున పెన్నకు వరదలు వచ్చినవి. 2023 డిసెంబరున మిచౌంగ్ తుఫాను మన తీరమును కుదిపినది. కార్తీక మార్గశిరములలో వాయుగుండము పట్టినప్పుడెల్ల బడికి సెలవే. ఒక్కొక్కప్పుడు ఆ బడియే నిరాశ్రయులకు నీడ. నీరు తీసిన తరువాత తల్లులు తెలియగోరునది ఇంతే: తాగునీరు శుభ్రమైనదా, తడిసిన గోడలలో కరెంటు పరీక్షించిరా, తడిసిన పుస్తకములకు బదులు ఇచ్చెదరా. తెలియనిది తెలియదని చెప్పినను వారు నమ్ముదురు. తెలిసినట్లు చెప్పి తేదీ మార్చినచో రెండవమారు నమ్మరు.

కావున ప్రధానోపాధ్యాయుని ఫోను నంబరు బడిగోడ మీదనే గాక, పడవలు నిలుచు రేవులోను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. బడి తెరచుటకు ముందటి సాయంకాలము మత్స్యకార పెద్దలకు స్వయముగా చెప్పుడు. మూడవనాటికి రాని పిల్లల పేర్లు వ్రాసి, ఎవరింటికి ఎవరు పోవలెనో ఇచ్చటనే పంచుకొనుడు. గుంటల మీదనున్న కుటుంబముల పేర్లు ముందు వ్రాయుడు. పలక ఇచ్చటనే ఉన్నది.