ఒక్కరోజు యాత్ర: ఎక్కడికి, ఎలా, ఎవరితో?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శీతాకాలంలో సంఘం తరఫున ఒకరోజు విహారయాత్ర వెయ్యాలని కార్యవర్గం అనుకుంటోంది. ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్న విషయం సభ్యుల ముందు ఉంచమని కార్యదర్శి గారు నాకు అప్పగించారు. ముప్పై మూడేళ్లు రెవెన్యూ శాఖలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు తిరిగినవాణ్ణి కదా అని ఆయన ఉద్దేశం. డి.ఏ. బకాయిల మీద మాట్లాడమని ఉంటే మీరింకా శ్రద్ధగా వినేవారేమో గాని, ఈ పూటకి నాకిచ్చిన విషయం ఇదే.

మనలో కొందరం రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు బస్సులో ఏడు క్షేత్రాల యాత్రకి వెళ్లాం. ఎవరి బస్సు అన్నది ఇప్పుడు అనవసరం. కరపత్రంలో ఏడు గుళ్ల పేర్లూ పెద్ద అక్షరాల్లో వేశారు. మనిషికింత అని ముందే పుచ్చుకున్నారు. మూడో గుడి దగ్గరికి వచ్చేసరికి నలభై మందిలో ఆరుగురు బస్సు దిగడం మానేశారు. మోకాళ్లు నొప్పి, కళ్లు తిరగడం, ఒకరికి షుగరు పడిపోవడం. రాత్రి ఇంటికి తిరిగి వస్తూంటే ఒక మిత్రుడి భార్యని, “యాత్ర ఎలా జరిగిందమ్మా?” అని అడిగాను. “ఏముంది అన్నయ్య గారూ, నేను చూసినవి ఏడు చెప్పుల స్టాండులు” అంది ఆవిడ. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆరుగురూ పూర్తి డబ్బులిచ్చినవాళ్లే. ఈసారి మన బస్సులో అలా కూర్చుండిపోయేవాళ్లు ఉండకూడదన్నదే నేను చెప్పబోయే మాటలన్నిటికీ మూలం.

ముందు చిన్న లెక్క చూద్దాం. లెక్కలు మనకి అలవాటే. ఉదయం 5 గంటలకి బయలుదేరి రాత్రి 7కి తిరిగొస్తే చేతిలో 14 గంటలు. రెండు వందల కిలోమీటర్ల ప్రయాణానికి మన రోడ్ల మీద అయిదున్నర గంటలు. టిఫిను, భోజనం, టీలకి రెండు గంటలు. నలభై మంది పెద్దవాళ్లు దిగి, మళ్లీ ఎక్కి, తలలు లెక్కపెట్టుకోవడానికి ఒక్కోచోట ఇరవై నిమిషాలు. ఏడు చోట్లకి రెండు గంటల ఇరవై నిమిషాలు. మిగిలినవి నాలుగు గంటల పది నిమిషాలు. ఏడుతో భాగిస్తే చోటుకి ముప్పై అయిదు నిమిషాలు. అందులోనే క్యూ, అందులోనే ప్రసాదం కౌంటరు. పైగా మధ్యాహ్నం గుళ్లు మూసే వేళ ఉండనే ఉంది. అదే రోజులో రెండు చోట్లే పెట్టుకుంటే చోటుకి రెండు గంటలకు పైగా తీరుబడి దొరుకుతుంది.

మనలో చాలామంది పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్లి వచ్చారు. రోమ్, ప్రాగ్ వంటి పాత నగరాలు చూసినవారు ఒక సంగతి చెబుతుంటారు. అక్కడ రెండు రకాల యాత్రలు అమ్ముతారట. ఒకటి, బస్సు పైఅంతస్తులో కూర్చుని చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఊరంతా చుట్టి రావడం. రెండోది, పది పదిహేను మందిని ఒక గైడు వెంటబెట్టుకుని రెండు మూడు గంటలు ఒకే పేటలో నడిపిస్తూ, ఆగిన ప్రతిచోటా కథ చెప్పడం. రోమ్ నుంచి పాంపే వెళ్లి రాత్రికి తిరిగొచ్చే యాత్రలు కూడా ఉన్నాయి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద కప్పడిపోయిన ఊరది. ఎంతో దూరం పోయి, చెప్పేవాడు లేకపోతే, కనపడేవి మొండిగోడలే. చెప్పేవాడుంటే ఇది రొట్టెలు కాల్చిన పొయ్యి, ఇది బండిచక్రం అరగదీసిన గాడి అని తెలుస్తుంది.

అక్కడ టిక్కెట్టు కొనేముందు తెలిసినవాళ్లు అయిదు ప్రశ్నలు అడుగుతారు. ఎంత దూరం నడవాలి, ఎన్ని మెట్లు? గుంపులో ఎంతమంది? చెప్పేది ఎవరు, ఏ భాషలో? ఇచ్చిన డబ్బులో ఏమేం కలిసి ఉన్నాయి? మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? ఈ ప్రశ్నలే మన ఊళ్లకీ వేసి చూద్దాం.

మొదటిది అరసవల్లి, శ్రీకూర్మం. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇది అన్నిటికన్నా సులువైన రోజు. అరసవల్లి శ్రీకాకుళం పట్నాన్ని ఆనుకునే ఉంది. శ్రీకూర్మం పదిహేను కిలోమీటర్ల లోపు. కొండ ఎక్కే పని లేదు. అయితే ఆదివారం, రథసప్తమి రోజుల్లో అరసవల్లి వెళ్లడం మన వయసుకి తగదు. మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయ కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. అది చూడాలంటే తెల్లవారకముందే చేరాలి, మబ్బు లేకుండా ఉండాలి, జనాన్ని తట్టుకోవాలి. శ్రీకూర్మంలో స్వామి కూర్మరూపంలో పడమటి ముఖంగా ఉంటాడు. రెండు ధ్వజస్తంభాలున్న గుడి అది. స్తంభాల మీది శాసనాలు చూపించేవారుంటే గంటసేపు అక్కడే గడిచిపోతుంది. లేకపోతే తాబేళ్లని చూసి వచ్చేస్తాం.

రెండోది శాలిహుండం, కళింగపట్నం. వంశధారకి దక్షిణపు ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాల శిథిలాలు ఉన్నాయి. ఇది ఎక్కుడు ఉన్న చోటు, నీడ తక్కువ. కనుక డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం పూట మాత్రమే. ఎక్కలేనివారిని కొండ కింద వదిలేసి పోకూడదు. వారిని తిన్నగా కళింగపట్నం తీసుకుపోయి, వంశధార సముద్రంలో కలిసే చోట, లైట్‌హౌస్ దగ్గర కూర్చోబెట్టాలి. కొండ దిగినవారు భోజనం వేళకి అక్కడే కలుస్తారు. ఒకే యాత్రలో రెండు కార్యక్రమాలన్న మాట. సంక్రాంతికి వచ్చే మనవలకి ఈ రోజు బాగుంటుంది. ఆ పిల్లలకి పక్షులు ఇష్టమైతే టెక్కలి వైపు తేలినీలాపురం పెట్టుకోవచ్చు. చలికాలంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ చెట్ల మీదే కాపురాలు పెడతాయి.

మూడోది శ్రీముఖలింగం. శ్రీకాకుళం నుంచి యాభై కిలోమీటర్లకి కొంచెం తక్కువ. దీనికి రోజంతా ఇవ్వాలని నా అభిప్రాయం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. పూరీలో జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగ దేవుడు 1078లో పట్టాభిషిక్తుడైన వంశం వీరిది. పూరీకి మనమంతా రెండు మూడుసార్లు వెళ్లాం. ఆ గుడి కట్టించినవారి పాత రాజధాని మన జిల్లాలో, వంశధార ఒడ్డున ఉందని మన మనవల్లో ఎంతమందికి చెప్పాం? మధూకం అంటే ఇప్పచెట్టు. స్వామి ఆ చెట్టు మొదట్లో వెలిశాడని స్థలపురాణం. సోమేశ్వరాలయం ముందు మండపం లేకుండా ఒంటి శిఖరంతో నిలబడి ఉంటుంది. పెద్ద గుడి నాలుగు మూలలా చిన్న గుళ్లు ఉన్నాయి. ఇవన్నీ కింద నేల మీదే తిరిగి చూడవచ్చు. కార్తీక సోమవారాలు, శివరాత్రి మాత్రం వద్దు.

నాలుగోది విజయనగరం. ఇది బస్సు యాత్ర కానే కాదు. ఆమదాలవలసలో రైలెక్కితే ఊళ్లోనే దిగుతాం. కోట శంకుస్థాపన 1713లో జరిగింది. కోట లోపల ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నాయి కనుక ముందే అనుమతి అడగాలి. బయటికొస్తే ఎనిమిది ముఖాల గంటస్తంభం. ఆ దారిలోనే పైడితల్లి గుడి. విజయదశమి వెళ్లిన మంగళవారం సిరిమాను తిరిగే వీధులివే. గురజాడ వారు నివసించిన ఇల్లు ఉంది. ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది 1892లో ఈ ఊళ్లోనే. 1919లో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు, వారాలు చేసుకుని, మధుకరం ఎత్తుకుని. ఆ గుమ్మం ముందు నిలబడి ఈ మాట ఒకరు చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఉదయం రెండు గంటలు, సాయంత్రం గంటన్నర నడిస్తే చాలు. నడవలేనివారికి రెండు ఆటోలు రోజుకి మాట్లాడుకుందాం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. చెప్పేవారెవరు? మన గుళ్ల దగ్గర, కోటల దగ్గర యూరప్ నగరాల్లోలాగా గైడు కోసం వెతకనక్కర లేనంత ఏర్పాటు లేదు. బస్సు డ్రైవరుకి దారి తెలుసు, ఊరి కథ తెలియాలని లేదు. అర్చక స్వాములు ఓపికగానే చెబుతారు, కాని రద్దీలో వారికి తీరుబడి ఏది?

నా మాట ఏమిటంటే, మన గైడులు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు. సోషలు మాస్టార్లు ఉన్నారు, తెలుగు పండితులు ఉన్నారు. సంగీత కళాశాలలో పాఠం విన్నవారు కూడా మనలో ఒకరున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి తీసుకోండి. 1863లో శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు ఉపాధ్యాయత్వం చేశారు. ఎవరూ నేర్పకుండానే పాత లిపులు నేర్చుకుని ముఖలింగం గుడి శాసనాలు చదివారు. 1911లో ఉద్యోగ విరమణ చేశారు. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను ఆయన వెలుగులోకి తెచ్చింది 1919లో. అంటే పెన్షను పుచ్చుకునే వయసులో! సవర భాష మీద ఆయన పెద్ద నిఘంటువు 1938లో అచ్చయింది. అప్పటికి డెబ్బై అయిదేళ్లు. మనం నిఘంటువులు రాయనక్కరలేదు. ఒక్క ఊరి గురించి నెల రోజులు చదువుకుని, ఇరవై మందికి వినిపించేలా గంటసేపు చెబితే చాలు.

ఇందులో తొందర కూడా ఉంది. గత సంవత్సరం ఈ సమావేశంలో ముందు వరసలో కూర్చున్నవారిలో ఇద్దరు ఈరోజు లేరు. వారిలో ఒకరికి బొబ్బిలి చుట్టుపక్కల ప్రతి చెరువు పేరూ, ఆ పేరెందుకొచ్చిందో కూడా తెలుసు. ఆ కథల్లో ఒక్కటీ ఎవరూ రాసుకోలేదు.

ఖర్చు సంగతి. ఆర్టీసీ బస్సు అద్దెకి ఇస్తుంది. విడిగా వెళ్లదలచినవారికి అరవై దాటితే టిక్కెట్టులో పాతిక శాతం రాయితీ ఉంది. ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కనుక ఇకమీదట, “మీకు టిక్కెట్టు దండగండీ, ఇంట్లో ఉండండి” అనే హక్కు మన ఆవిడలదే. రైల్లో మన రాయితీని 2020 మార్చిలో నిలిపివేసిన సంగతి మీకు తెలుసు. దాని మీద వినతిపత్రం కార్యదర్శి గారు చదువుతారు. ఆధారు కార్డు, రోజు వేసుకునే మందులు, వాటి చీటీ ఎవరి సంచిలో వారు ఉంచుకోవాలి. భోజనం ఒంటిగంట దాటకూడదు, షుగరు ఉన్నవారు మనలో సగానికి సగం. ఆగే ప్రతిచోటా ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉందో లేదో ఒకరు ముందుగా వెళ్లి చూసి రావాలి. లేని చోట ఆగవద్దు. ఈ ఒక్క కారణానికి పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా ప్రయాణం చేసే అక్కచెల్లెళ్లు ఎంతమందో వారినే అడగండి.

కనుక సభ ముందు నా ప్రతిపాదన ఇది. ఏడు చోట్ల యాత్ర వద్దు. మొదటి యాత్ర మార్గశిరంలో, సోమవారం కాని పనిరోజున, శ్రీముఖలింగం ఒక్కటే. నలభై మందిని ఇరవై మంది చొప్పున రెండు జట్లు చేద్దాం. నెమ్మదిగా నడిచేవారి జట్టు ముందు బయలుదేరాలి, తక్కినవారు వెనక రావాలి. ఎనిమిది మడత కుర్చీలు బస్సులో వేద్దాం. జట్టుకి ఒకరు చొప్పున ఇద్దరు చెప్పేవాళ్లు కావాలి. వారి పేర్లు ఈరోజే ఇవ్వండి. వారు చెప్పింది మన పత్రికలో అచ్చు వేద్దాం. సంక్రాంతికి శాలిహుండం, ఆ తరువాత విజయనగరం.

ఆ చెప్పుల స్టాండుల అమ్మ ఈరోజు సభకి వచ్చారు. మొదటి జట్టులో మొదటి పేరు ఆవిడదే రాయమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇక్కడే చెప్పండి, చర్చిద్దాం.