పద్నాలుగు భాషల అయ్యవారు, ఆరు భాషల సైటు

నేను దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటీఐ. ఈ రోజు మా కడప జిల్లాలో అందరూ గొప్పగా చెప్పుకునే పుట్టపర్తి నారాయణాచార్యులు గారి గురించి మాట్లాడతా.

ఆయన 1914లో అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టినారు. పెనుగొండలో పిట్ దొరసాని దగ్గర ఇంగ్లీషు, తిరుపతిలో సంస్కృతం నేర్చుకున్నారు. చిన్నప్పుడే 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాసినారు. తర్వాత విద్వాన్ పరీక్షకు పోతే అదే పుస్తకం పాఠ్యంగా ఎదురొచ్చింది! నాకైతే ఎన్నిసార్లు చెప్పుకున్నా నవ్వొస్తుంది. ప్రొద్దుటూరులో తెలుగు అయ్యవారుగా పనిచేసినారు. 'శివతాండవం' పుట్టింది ఆ ఊరి అగస్త్యేశ్వరస్వామి గుళ్ళోనే. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1990లో పోయినారు.

పద్నాలుగు భాషలు వచ్చంటారు. లెక్క గొడవ పక్కన పెట్టండి. విశ్వనాథ వారి 'ఏకవీర'ను మలయాళంలోకి తీసుకుపోయినారు, మరాఠీ నుంచి ధర్మానంద కోశాంబి రాసిన బుద్ధుడి పుస్తకం తెలుగులోకి తెచ్చినారు. రానూ పోనూ రెండు దార్లూ తెలిసిన మనిషి. పరాయి భాషలోకి రాయడమంటే మాటలా?

ఇది మనకెందుకంటారా? మా సైట్లో ఆరు భాషలున్నాయి. పొద్దున సేఫ్టీ మాటలు హిందీలో చెప్తాం. అందరూ తలూపుతారు. తలూపితే అర్థమైనట్టు కాదన్నా. పోయిన ఎండాకాలం ఒక కొత్త పిల్లోడు ఎర్ర ట్యాగ్ కట్టిన స్కాఫోల్డింగ్ ఎక్కబోయినాడు. ఎర్ర ట్యాగ్ అంటే ఎక్కకూడదు. పొద్దున తలూపినవాడే. పక్కన బెంగాలీ మేస్త్రి చొక్కా పట్టి లాగినాడు కాబట్టి సరిపోయింది.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టినా. చెప్పింది ఎవరి భాషలో వాళ్ళు తిరిగి చెప్పాల. నేనూ ప్రతి భాషలో 'జాగ్రత్త' నేర్చుకున్నా. మలయాళీలకు 'సూక్షిక్కు', బెంగాలీలకు 'సాబ్‌ధాన్', ఫిలిప్పీన్స్ వాళ్ళకు 'ఇంగాత్'. నా 'ఇంగాత్' విని మా సేఫ్టీ ఆఫీసర్ పడీ పడీ నవ్వుతుంది, తర్వాత సరిచేస్తుంది. జూన్ పదిహేను నుంచి సెప్టెంబర్ పదిహేను దాకా ఎండలో పని ఆపే ఆ రెండున్నర గంటలే మా బడి. ఇప్పుడు నేపాలీ మొదలుపెట్టినాం. ఆ పిల్లోడే అయ్యవారు.