ఇంటి తెలుగుకు తెర దొరికినది
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మధురను నాయకరాజులు ఏలిన కాలమునుండి మన పూర్వులు ఈ సీమలో ఉన్నారు. కోయంబత్తూరులోను, మధురలోను మన ఇండ్లలో నేటికిని తెలుగు వినబడుచున్నది. అయితే బడిలో నేర్చినది తమిళము. మనలో పెక్కుమందికి తెలుగు చదువుట రాదు. పుస్తకము తెరువలేని ఇంటిలో కూడ మాట వినబడినచో అందరును చెవి ఒగ్గుదురు. అందుచేత ఇంటర్నెట్టులో వీడియోలు తీయు సంస్థలను గురించి మేము నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

బొమ్మల ఆట మన ఊరికి కొత్త కాదు. తిరుచిరాపల్లి రైల్వేలో ఉద్యోగము చేసిన సామికన్ను విన్సెంటుగారు 1905లో ఒక ఫ్రెంచివాని వద్ద సినిమా యంత్రము కొని, ఊరూర డేరా వేసి చూపి, 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టించిరి. శ్రీరాములు నాయుడుగారి పక్షిరాజా స్టూడియోవారు 1954లో తెలుగున 'అగ్గిరాముడు' తీసిరి. ఆనాడు స్టూడియో కావలెను, పెట్టుబడి కావలెను. నేడు చేతిలోని ఫోను చాలును.

తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి అను చిన్న ఊరిలో శ్రీరాం శ్రీకాంత్‌గారు 2012లో 'మై విలేజ్ షో' ప్రారంభించిరి. కూలిపని చేసి బ్రతికిన గంగవ్వ అందులో తన ఊరి యాసలోనే మాట్లాడినది. ఆ యాసయే ఆమెకు పేరు తెచ్చినది. హైదరాబాదులో చిన్న వీడియోలతో పేరుపొందిన చాయ్ బిస్కట్‌వారు 2023లో 'రైటర్ పద్మభూషణ్', 'మేమ్ ఫేమస్' అను సినిమాలు తీయు స్థితికి వచ్చిరి. తమడ మీడియా వంటి సంస్థలు వేరువేరు వ్యక్తుల చానళ్ళను ఒక కూటముగా చేర్చినవి. ఇటువంటి కూటములు ప్రకటనలు తెచ్చిపెట్టి, రాబడిలో తమ వంతు తీసికొనును.

ఇక లెక్క చూతము. యూట్యూబులో నిడివిగల వీడియోల ప్రకటనల రాబడిలో నూటికి 55 వంతులు తీసినవారివి. అందుకు సాధారణముగా 1,000 మంది చందాదారులు, ఒక సంవత్సరములో 4,000 గంటల వీక్షణము ఉండవలెను. కూటమిలో చేరినచో దాని వంతు ఆ 55లోనుండియే పోవును. కనుక సంతకమునకు ముందు మూడు సంగతులు చూడవలెను: వీడియోపై హక్కు ఎవరిది, ఒడంబడిక ఎన్ని ఏండ్లు, వంతు ఎంత?

మన ఇంటి తెలుగుకు అంతమంది ప్రేక్షకులు దొరకకపోవచ్చును. డబ్బుకై దిగిన యువకుడు నాలుగు నెలలకే మానుకొనును. లేదా పదిమంది చూచుటకై హైదరాబాదు తెలుగును అనుకరించును. రెండవదే పెద్ద నష్టము. మన అవ్వల మాటలో తమిళము కలిసియుండవచ్చును. కాని అది మన మాట. దానికి సిగ్గుపడ పనిలేదు.

మా విన్నపము ఒక్కటే. ప్రతి ఇంటిలోని పెద్దవారిచేత ఒక జోలపాటయో, పొడుపుకథయో, పెండ్లిపాటయో, సేద్యపు ముచ్చటయో చెప్పించి, పది నిమిషములు ఫోనులో తీయుడు. యాసను దిద్దవలదు. లోకము చూచుటకు యూట్యూబులో పెట్టుడు. ఒక ప్రతిని సంఘమునకు ఇండు. పరుల అరలో పెట్టిన సొత్తు ఎప్పుడు పోవునో చెప్పలేము.

యంత్రము వచ్చే ఏడును దొరకును. ఎనుబది ఏండ్ల అవ్వ గొంతు దొరకునో లేదో! ఈ పండుగ సెలవులలోనే ఆ పని మొదలుపెట్టుదము.